బంకర్ కట్టారు సరే, చికిత్స మొదలయ్యేదెప్పుడు?

ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రులకు వచ్చే నిధులు, యంత్రాలు, జిల్లాల్లో కీమోథెరపీ గురించి పాఠకులు అడిగినవాటిలో కొన్ని ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్ర: కర్నూలు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు 120 కోట్లని ఏళ్లుగా వింటున్నాం. ఆ డబ్బు ఎవరిది? దేనికి వాడతారు?
– ఆదోని పాఠకుడు

జ: పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల బలోపేతానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకంలో గరిష్ఠ పరిమితి అది. రాష్ట్రస్థాయి ఇన్‌స్టిట్యూట్‌కి 120 కోట్ల వరకు, దాని తర్వాతి మెట్టు క్యాన్సర్ చికిత్సా కేంద్రానికి 45 కోట్ల వరకు ఇస్తారు. దేశం మొత్తమ్మీద 19 ఇన్‌స్టిట్యూట్లు, 20 చికిత్సా కేంద్రాలు మంజూరయ్యాయి. ఇన్‌స్టిట్యూట్ల జాబితాలో మనకు కర్నూలు మెడికల్ కాలేజీ, హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రి ఉన్నాయి.

ఆ మొత్తంలో రాష్ట్రం వాటా 40 శాతం దాకా ఉంటుంది. అంటే 120 కోట్లయితే కేంద్రం 72, రాష్ట్రం 48. భవనం, కరెంటు పనులకు 30 శాతం, అంటే 36 కోట్లు మించకూడదు. మిగిలిందంతా యంత్రాలకే. ఈ నిబంధన మంచిదే. అది లేకపోతే డబ్బంతా గోడలకే పోయేది.

రాష్ట్ర వాటా ఆలస్యమైతే పని కుంటుపడుతుంది. ముందు విడత ఖర్చుకు వినియోగ ధ్రువపత్రం వెళ్లనిదే తర్వాతి విడత రాదు. బిల్లులు పేరుకుపోతే కాంట్రాక్టరు పని ఆపేస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఒకేసారి ఇచ్చే సొమ్ము. డాక్టర్ల జీతాలు, మందులు, కరెంటు బిల్లు, యంత్రాల మరమ్మతు ఏటా రాష్ట్ర బడ్జెట్లోంచే రావాలి. ప్రారంభోత్సవం వార్తల్లో మంజూరైన మొత్తమే కనిపిస్తుంది. ఆసుపత్రి నడిచేది మాత్రం ఈ ఏటేటా ఖర్చు మీదే.

ప్ర: మా దగ్గర రేడియేషన్ బంకర్ కట్టి చాలా కాలమైంది. యంత్రం కూడా వచ్చిందంటున్నారు. రోగుల్ని ఇంకా హైదరాబాదే పంపుతున్నారు. ఎందుకు?
– పాఠకురాలు, ఉత్తర తెలంగాణ

జ: రేడియేషన్ యంత్రం, అంటే లీనియర్ యాక్సిలరేటర్, తెచ్చి ప్లగ్గు పెడితే నడిచేది కాదు. అడుగడుగునా అణుశక్తి నియంత్రణ మండలి, అదే ఏఈఆర్‌బీ, అనుమతి కావాలి. మొదట కిరణాలు బయటికి పోకుండా మందపాటి గోడలతో కట్టే గది (అదే బంకర్) నక్షాకు, ఆ తర్వాత యంత్రం కొనడానికి, బిగించాక పరీక్షల ఫలితాలు చూసి చివరగా రోగులకు వాడటానికి లైసెన్సు.

ఎక్కువగా తేడా వచ్చేది నక్షా దగ్గరే. కిరణం నేరుగా తగిలే గోడ రెండు మీటర్లకు పైగా మందం ఉండాలి. ఎంత ఉండాలన్నది యంత్రం శక్తిని బట్టి లెక్క కడతారు. ఒక మోడల్ అనుకుని గోడ లేపి, టెండర్లో ఇంకో మోడల్ ఖరారైతే లెక్కలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. కాంక్రీటు పోతలో విరామం వచ్చి అతుకు పడినా, కేబుల్ పైపును గోడలోంచి ఏటవాలుగా కాక నేరుగా తీసినా, ఆ సందుల్లోంచి కిరణాలు బయటికి రావచ్చు. అప్పుడు సీసం పలకలో, అదనపు కాంక్రీటో వేసి సరిచేయాలి. యంత్రాన్ని చల్లబరిచే చిల్లర్, ఏసీ, హెచ్చుతగ్గుల్లేని త్రీఫేజ్ కరెంటు సిద్ధంగా లేకపోయినా బిగింపు ఆగిపోతుంది.

ఇవన్నీ కుదిరాక మనుషులు కావాలి. రేడియేషన్ ఆంకాలజిస్టు, మెడికల్ ఫిజిసిస్టు, రేడియోథెరపీ టెక్నాలజిస్టులు, రేడియేషన్ భద్రతాధికారి ఉంటేనే లైసెన్సు ఇస్తారు. నీళ్ల తొట్టెలో పరికరం పెట్టి, కిరణం ఏ లోతులో ఎంత మోతాదు ఇస్తుందో కొలిచి, ఆ అంకెల్ని చికిత్స ప్రణాళిక వేసే కంప్యూటర్లోకి ఎక్కించేది ఫిజిసిస్టే. వారాలు పట్టే ఈ పనిలో తొందర కూడదు. ఇక్కడ తప్పు దొర్లితే ఆ యంత్రం కిందికి వచ్చే ప్రతి రోగికీ మోతాదు తప్పుతుంది. కానీ బంకర్‌కి శంకుస్థాపన జరిగిన రోజే ఈ పోస్టులు మంజూరు చేసి భర్తీ మొదలుపెట్టకపోవడాన్ని మాత్రం సమర్థించలేం. గోడలు ఆరేలోపు మనుషుల్ని తీసుకోవచ్చు.

మీ ఆసుపత్రిలో పని ఎక్కడ ఆగిందో సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, జవాబు ఇవ్వడానికి గడువు 30 రోజులు. దరఖాస్తు సూపరింటెండెంట్ కార్యాలయంలోని సమాచార అధికారికి ఒకటి, నిర్మాణాలు, కొనుగోళ్లు చూసే రాష్ట్ర వైద్య సేవల మౌలిక వసతుల సంస్థకు ఒకటి పెట్టండి. ‘ఎందుకు ఆలస్యం’ అని అడిగితే ‘ప్రక్రియలో ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కాగితాలు అడగండి: ఏఈఆర్‌బీ నక్షా అనుమతి నకలు, యంత్రం కొనుగోలు ఆర్డరు, మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, వారంటీ ఏ తేదీన మొదలైంది. ఈ చివరిది మరవకండి. వారంటీ సరఫరా నాటి నుంచి లెక్క పెట్టేలా ఒప్పందం ఉంటే, యంత్రం మూలన పడున్న ప్రతి నెలా అది తరిగిపోతూనే ఉంటుంది.

ప్ర: కోబాల్టు యంత్రం పాతది, వద్దు అంటున్నారు. నిజమేనా?
– పార్వతీపురం పాఠకుడు

జ: నాణ్యతలో లీనియర్ యాక్సిలరేటర్ మేలు. పక్కనున్న మంచి కణజాలాన్ని బాగా కాపాడుతుంది. అయితే కోబాల్టుకు అంత నికరమైన కరెంటు అక్కర్లేదు, మరమ్మతులూ తక్కువ. దాని చిక్కల్లా లోపలుండి కిరణాలిచ్చే కోబాల్టు మూలకం తరిగిపోవడం. కోబాల్టు-60 అర్ధాయువు (బలం సగానికి పడే కాలం) 5.27 ఏళ్లు, అంటే నెలకు ఒక శాతం చొప్పున బలం తగ్గుతుంది. మూలకం మార్చకుండా అయిదేళ్లు దాటితే రోగి బల్ల మీద పడుకోవాల్సిన సమయం రెట్టింపవుతుంది, రోజుకు చూసే రోగుల సంఖ్య పడిపోతుంది. ఇంకో సంగతి: కోబాల్టు గది గోడలు లీనియర్ యాక్సిలరేటర్‌కి చాలవు. ‘పాత గదిలోనే కొత్త యంత్రం’ అంటే, గోడల పనికి అంచనా వేశారా అని అడగండి.

ప్ర: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మా అమ్మకు రేడియేషన్ మొదలుపెట్టారు. యంత్రం చెడిపోయి వారం ఆగింది. ప్రమాదమా?
– ఒంగోలు పాఠకురాలు

జ: ఆగిన రోజుల్ని తేలిగ్గా తీసుకోకండమ్మా. ఈ జబ్బుకు వారానికి 5 రోజుల చొప్పున సుమారు 25 సార్లు బయటి రేడియేషన్, ఆపైన లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటాయి. అంతా కలిపి 8 వారాల్లో ముగియాలి. సాగేకొద్దీ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతుంది. ‘పోయిన రోజుల మోతాదును ఎలా భర్తీ చేస్తున్నారు, వేరే యంత్రానికి మారుస్తారా’ అని రేడియేషన్ డాక్టరునే సూటిగా అడగండి. మార్చాల్సి వస్తే ఇప్పటిదాకా ఇచ్చిన మోతాదు పత్రం, ప్రణాళిక, సీటీ ఫైళ్లు సీడీలో తీసుకోండి. అవి లేకపోతే కొత్తచోట లెక్క మొదటి నుంచి వేయాలి.

మరమ్మతు ఒప్పందానికి ఏటా డబ్బు కేటాయించమని మేం పదేపదే అనేది ఇందుకే. ఇక్కడ మీవంతుగా చేయగలిగింది ఒకటుంది. ప్రభుత్వాసుపత్రిలో ఎలాగూ ఉచితమే కదా అని ఆరోగ్యశ్రీలోనో, ఎన్టీఆర్ వైద్యసేవలోనో, ఆయుష్మాన్ భారత్‌లోనో నమోదు మానేయకండి. నమోదైన ప్రతి కేసుకీ క్లెయిము సొమ్ము ఆసుపత్రికి వస్తుంది. చిన్న మరమ్మతులకు, మందులకు చేతిలో ఉండే డబ్బు అదే.

ప్ర: జిల్లా ఆసుపత్రిలో కీమో ఎక్కించుకోవచ్చా?
– వనపర్తి పాఠకుడు

జ: పెద్దాసుపత్రిలో ప్రణాళిక ఖరారై, మొదటి విడత అక్కడ ఎక్కించాక, తర్వాతివి చాలావరకు జిల్లాలో తీసుకోవచ్చు. అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు, 2025-26లోనే 200 పెడతామని కేంద్ర బడ్జెట్లో ప్రకటించారు. వెళ్లేముందు మూడు చూసుకోండి. మందు కలిపేది గాలి వడపోసే ప్రత్యేక క్యాబినెట్లోనా, వార్డు బల్ల మీదా? ప్రతి విడతకు ముందు రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు అక్కడే చేస్తారా? ఇంటికెళ్లాక జ్వరం వస్తే రాత్రిపూట చూసే డాక్టరున్నాడా? మూడోది అతి ముఖ్యం. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయినప్పుడు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, అంటే 100.4 ఫారన్‌హీట్ వచ్చినా అత్యవసరమే. పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు.

ప్ర: చికిత్సకు రైల్లో రాయితీ ఉందా?
– రాయచూరు నుంచి తెలుగు పాఠకుడు

జ: ఉంది. క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీలో 100 శాతం, తోడు వెళ్లే ఒకరికి అవే తరగతుల్లో 75 శాతం రాయితీ. చికిత్సకో, పరీక్షలకో వెళ్లి రావడానికే వర్తిస్తుంది. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత నమూనా సర్టిఫికెట్‌తో రిజర్వేషన్ కౌంటర్లో టికెట్ తీసుకోవాలి.