సైటు చూడని డిజైన్ జ్యూరీలో ఎందుకు నిలబడదు?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బి.ఆర్క్ మూడో ఏడు. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు వర్తూరు చెరువు దగ్గర రెండెకరాల స్థలంలో ఒక లైబ్రరీ. రాత్రిళ్లు మేలుకుని గీస్తే, ‘ఈ డిజైన్‌కీ ఈ సైటుకీ సంబంధం లేదు’ అని జ్యూరీలో (ప్రాజెక్టులు పరిశీలించే బృందం ముందు) తిప్పి పంపారు. ఇప్పుడు ఆదివారాలు సైటుకు వెళ్తానంటోంది. గూగుల్‌లో అంతా కనబడుతుంటే ఎందుకని వద్దన్నాను. తన స్నేహితులు పారామెట్రిక్ డిజైన్ (కొలతలూ సూత్రాలూ ఇచ్చి కంప్యూటర్‌తో ఆకారాలు పుట్టించే పద్ధతి) కోర్సుల్లో చేరుతున్నారు. సైట్ల వెంట తిరగడం మంచిదా, ఆ కోర్సు మంచిదా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలికకు వస్తాను. అయితే మీ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది: అమ్మాయి ఈ చదువుకు పనికొస్తుందా, తెలియక చేర్పించామా అని. పనికొస్తుందండీ. జ్యూరీ అన్న మాట విని మళ్లీ సైటుకు వెళ్తానంటున్న పిల్ల గురించి బెంగపడాల్సింది లేదు. మూడో ఏడు ఇలాగే ఉంటుంది. అప్పటిదాకా చదునైన చిన్న స్థలాలు ఇచ్చి, ఇప్పుడు వాలు, వాన నీరు, చెట్లు, నిబంధనలు అన్నీ ఒకేసారి మీద వేస్తారు. మొదటి ప్రయత్నం తిరిగి రావడం ఈ దశలో మామూలే.

జ్యూరీ ఎందుకు ఒప్పుకోదో లెక్కతో చూడండి. రెండెకరాలంటే సుమారు 90 మీటర్లకు 90. అందులో చెరువు వైపు 3 మీటర్ల వాలు ఉందనుకుందాం. నడుస్తుంటే కాలికి పెద్దగా తెలియని వాలు అది. విద్యార్థి మొత్తం చదును చేసి ఒకే లెవెల్లో ప్లాన్ గీస్తే, పై సగంలో తవ్వి కింది సగంలో పోయాల్సిన మట్టి 3,000 ఘనపు మీటర్ల పైమాటే. పోసిన మట్టి కుంగుతుంది కనుక అక్కడి పునాదులు పాత నేల దాకా దిగాలి, అంచున గోడ కట్టి మట్టిని ఆపాలి. అదే స్థలాన్ని మీటరు తేడాతో మూడు మెట్లుగా చేస్తే తవ్వకం 1,000 ఘనపు మీటర్లకు తగ్గుతుంది. కానీ ఒక్కో మెట్టుకు 1:12 వాలుతో 12 మీటర్ల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగడానికి చదును కావాలి. ఆ ర్యాంపు ఎక్కడ వస్తుందో తేల్చుకుంటేనే రీడింగ్ హాల్ ఎక్కడో, పిల్లల గది ఎక్కడో తేలుతుంది. సైటు నుంచి డిజైన్ పుట్టడమంటే ఇదే. తరచుగా జరిగే ఇంకో తప్పు, పార్కింగ్ బేస్‌మెంట్‌ను అత్యంత పల్లపు మూలలో, రాజకాలువ (వాన నీటిని మోసే పెద్ద కాలువ) పక్కన పెట్టడం. 1,000 చదరపు మీటర్ల పేవింగ్ మీద 60 మిల్లీమీటర్ల వాన పడితే 60,000 లీటర్లు. ఆ నీళ్లు ముందు అక్కడికే చేరతాయి.

ఇప్పుడు మీ గూగుల్ సంగతి. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల డేటాలో సాధారణంగా ఒక్కో గడి 30 మీటర్లు. అంటే మీ అమ్మాయి సైటు మీద పడేవి తొమ్మిది గళ్లు. ఎత్తులో పొరపాటు కొన్ని మీటర్లు ఉండొచ్చు. మొత్తం వాలే 3 మీటర్లయిన చోట దానితో ఏం గీస్తుంది? ఐదేళ్ల ఫీజు కడుతూ, ఆ చదువులో అసలైన భాగానికి మీరే అడ్డుపడుతున్నారు. కటువుగా ఉన్నా అనాల్సిందే. ఒక్కతే వెళ్లడం మీకు భయమైతే మీరూ వెళ్లి టేపు రెండో కొస పట్టుకోండి.

వెళ్లినప్పుడు 30 మీటర్ల టేపు, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు, దిక్సూచి ఉంటే చాలు. ఒక మూలను సున్నాగా పెట్టుకుని 10 మీటర్లకొక చోట లెవెల్ (నేల ఎత్తు) తీయాలి. ట్యూబులో గాలి బుడగ ఉంటే రీడింగ్ తప్పుతుంది, ముందే చూసుకోవాలి. ప్రతి పెద్ద చెట్టు చోటూ, మొదలు చుట్టుకొలతా, కొమ్మల విస్తీర్ణమూ రాసుకోవాలి. చుట్టుపక్కల కాంపౌండ్ గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో కొలవాలి. 2022 సెప్టెంబరు వరదల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్క వాచ్‌మన్‌ను అడగాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వీలైతే వాన వెలిసిన గంటలో ఇంకోసారి వెళ్లాలి. ఇంటికొచ్చాక 1:200 స్కేల్లో మోడల్ చేస్తే సైటు 45 సెంటీమీటర్ల పలక అవుతుంది. అర మీటరు కాంటూరుకు (ఎత్తు తేడాకు) రెండున్నర మిల్లీమీటర్ల బోర్డు ఒక పొర.

ఎండ గురించి ఒక మాట. ‘ఉత్తరం వైపు ఎండ రాదు’ అని షీట్ల మీద రాస్తుంటారు. బెంగళూరు, చెన్నై రెండూ 13 డిగ్రీల అక్షాంశం దగ్గరే. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్న సూర్యుడు ఇక్కడ ఉత్తరం వైపే ఉంటాడు. డిసెంబరులో దక్షిణాన 54 డిగ్రీల ఎత్తు దాకా దిగుతాడు కాబట్టి, అటువైపు 1.2 మీటర్ల ఎత్తు కిటికీకి మధ్యాహ్నం నీడ కావాలంటే 0.9 మీటర్ల సన్‌షేడ్ పడుతుంది. అలాగే చెరువు నుంచి వదలాల్సిన దూరం సీనియర్ల షీట్ల నుంచి ఎక్కించుకోవద్దు. 2016లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పిన 75 మీటర్ల హద్దును 2019లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధన చూసి, అది ఏ ఉత్తర్వులోదో షీటు మీద రాయాలి.

పారామెట్రిక్ కోర్సు మీద నా అనుమానాలు దాచుకోను. అందులో వాడే రైనో, గ్రాస్‌హాపర్ సాఫ్ట్‌వేర్లు మంచి పనిముట్లే. కానీ ఈ కోర్సుల్లో ఎక్కువగా చేయించేది మెలికలు తిరిగిన పైకప్పులు, జల్లెడ లాంటి ముఖభాగాలు. సైటేదని అడిగితే జవాబుండదు. అలాంటి పని ఇచ్చే ఆఫీసులు తక్కువ. చాలా ఆఫీసుల్లో కొత్తవాళ్లకు రోజూ పడే పని ఆటోక్యాడ్, స్కెచప్, రెవిట్ సాఫ్ట్‌వేర్లలో గీయడం, ఆ తర్వాత సైటులో మేస్త్రీకి డ్రాయింగ్ అర్థమయ్యేలా చెప్పడం. గ్రాస్‌హాపర్‌కు జోడించే లేడీబగ్‌తో ఎండ, గాలి విశ్లేషణ నేర్పితే అది ఉపయోగమే. అయితే అది నడిచే వాతావరణ ఫైల్లో ఉండేది సాధారణంగా ఏ విమానాశ్రయం దగ్గరో కొలిచిన గాలి. పక్క అపార్ట్‌మెంట్ ఆ గాలిని ఎటు తిప్పుతోందో సైటులో నిలబడితేనే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కొన్ని నెలల్లో వస్తుంది, ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చు. స్థలం చదవడం మాత్రం కాలేజీలో పదే పదే దిద్దించుకుంటేనే వస్తుంది.

బన్నేరుఘట్ట రోడ్డులో ఆర్కిటెక్ట్ బి.వి. దోషీ డిజైన్ చేసిన ఐఐఎం ఉంది. విద్యార్థులు చూసొచ్చి గ్రానైట్ గోడలూ పెర్గోలాలూ (పైన వరస దూలాలే ఉండే పందిళ్లు) తమ డిజైన్లలోకి దించేస్తారు. చూడాల్సింది వేరు. సగం కప్పుతో, పక్కన గోడలు లేకుండా అంత పొడవు కారిడార్లు ఈ ఊరి చల్లదనానికే సరిపోతాయి. అవే చెన్నైలో మే నెలలో పనికిరావు. అనుమతి దొరికితే మీ అమ్మాయిని ఆ దృష్టితో చూసి రమ్మనండి.

కొత్తలో జీతాలు తక్కువే, అది నిజం. అయినా కంగారుపడి ఇప్పుడు దారి మార్చకండి. ఈ సెమిస్టర్ ఏ కొత్త కోర్సూ వద్దు. లెవెళ్లు తీసి, రెండు సెక్షన్లు (స్థలాన్నీ కట్టడాన్నీ నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలు) మళ్లీ గీసి, ప్లాన్ తర్వాత మార్చమనండి. తిరస్కరించిన డిజైన్‌ను పారేయనివ్వకండి. పాత సెక్షన్, కొత్త సెక్షన్, తగ్గిన మట్టి లెక్క పక్కపక్కన పెడితే, ట్రైనింగ్‌కు దరఖాస్తు చేసేటప్పుడు పోర్ట్‌ఫోలియోలో ముందు పెట్టాల్సిన పేజీలు అవే అవుతాయి. గ్రాస్‌హాపర్ మీద నిజంగా ఇష్టం ఉంటే ఏడాది చివరి సెలవుల్లో, ఇదే సైటు మీద నేర్చుకోవచ్చు.