రైల్వేలో కాదు, రైల్వేకి యంత్రాలిచ్చే కంపెనీలో ఉద్యోగం: పంపొచ్చా?

మౌలాలి నుంచి ఒక అమ్మ అడిగారు: "మా బాబు మెకానికల్ డిప్లొమా ఈ ఏడాదే పూర్తి చేశాడు. రైల్వే ట్రాక్ మెషిన్లు సప్లై చేసి, సర్వీసు కూడా చేసే ప్రైవేటు కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. చుట్టాలేమో అదేం రైల్వే ఉద్యోగం అని తీసిపారేస్తున్నారు. పంపాలా, ఈసెట్ రాయించి బీటెక్‌లో చేర్పించాలా?"

చుట్టాల మాట కాసేపు పక్కన పెట్టండమ్మా. రైల్వే ఉద్యోగం కాదన్నది నిజమే, కానీ తీసిపారేసే పని మాత్రం కాదు.

పట్టాల కింద స్లీపర్లు (అడ్డంగా వేసే దిమ్మెలు), వాటి కింద కంకర ఉంటాయి కదా, రైళ్లు తిరిగేకొద్దీ ఆ కంకర కుంగి పట్టాల లెవెల్ తప్పుతుంది. ఒకప్పుడు గ్యాంగ్‌మెన్ చేత్తో కొట్టి సరిచేసేవాళ్లు. ఇప్పుడు ట్యాంపింగ్ మెషిన్ వచ్చి పట్టాలని ఎత్తిపట్టి, సెకనుకి 35 సార్లు అదిరే ఇనుప పళ్లని కంకరలోకి దించి స్లీపర్ కింద గట్టిగా దట్టిస్తుంది. మట్టి పట్టిన కంకరని తోడి, జల్లించి, మళ్లీ అక్కడే పోసే మెషిన్ ఇంకొకటి, దాన్ని బీసీఎం అంటారు. మన దగ్గర తిరిగే ఇలాంటి మెషిన్లలో చాలావరకు ఆస్ట్రియా కంపెనీ ప్లాసర్ డిజైన్‌వే, ఫరీదాబాద్‌లోనూ గుజరాత్‌లోని కర్జన్‌లోనూ వాళ్లకి ఫ్యాక్టరీలున్నాయి.

మెషిన్ ఎలా ఉండాలో లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ స్పెసిఫికేషన్ రాస్తుంది, టెండర్లు పడతాయి, సప్లయర్ ఇస్తాడు. అక్కడితో అయిపోతే ఈ కంపెనీలకి మీ బాబుతో పనే లేదు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది: స్పేర్ పార్టులు, ఓవర్‌హాలింగ్, రైల్వే స్టాఫ్‌కి ట్రైనింగ్, కొన్ని కాంట్రాక్టుల్లో మెషిన్ నడిపే మనుషులు కూడా సప్లయర్ వాళ్లే. ఎందుకంటే ఈ మెషిన్ పట్టాల మీద పనిచేయాలంటే ఆ లైన్లో రైళ్లు ఆపాలి, దాన్నే బ్లాక్ అంటారు, అది దొరికేదే కొద్ది గంటలు. ఆ టైమ్‌లో ఒక హైడ్రాలిక్ గొట్టం పగిలి మెషిన్ లైన్ మీదే నిలిచిపోయిందనుకోండి, వెనక రైళ్లన్నీ ఆగుతాయి, రైళ్లని నడిపించే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోన్లే ఫోన్లు, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. కాబట్టి గొట్టం ఏదో, వాల్వ్ ఏదో, సెన్సర్ ఏదో చటుక్కున పట్టుకునే కుర్రాడికి ఈ లైన్లో విలువ ఉంటుంది. హైడ్రాలిక్స్, కరెంటు సర్క్యూట్లు, డీజిల్ ఇంజిన్ మూడూ ఒకే మెషిన్లో చేత్తో పట్టుకుని నేర్చుకునే అవకాశం కాలేజీ ల్యాబ్‌లో ఎక్కడిది చెప్పండి! రేపు రైల్వే పని నచ్చకపోయినా గనుల్లో, పోర్టుల్లో, క్రేన్ల కంపెనీల్లో ఇదే పనితనం అడుగుతారు.

కష్టాలు కూడా చెప్పాలి. ఇంటి పట్టున ఉండడు. ఈ నెల కాజీపేట వైపైతే వచ్చే నెల ఎక్కడో. రాత్రి బ్లాకులు, ఎండలు, లాడ్జి భోజనం. పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది, దాన్లో కరెంటు ఆపి ఎర్తింగ్ చేశారని రూఢి చేసుకోకుండా మెషిన్ పైకి ఎక్కకూడదు. "ఏం కాదులే" అనే స్వభావం ఉన్న పిల్లాడైతే నేనే వద్దంటాను.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు బాబునే అడగమనండి (మీరు కాదు, వాడే): జీతం కంపెనీ ఇస్తుందా, మధ్యలో లేబర్ కాంట్రాక్టరా? పీఎఫ్, యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ ఉన్నాయా? మొదటి నెలల్లో ట్రైనింగ్ ఎక్కడ, సర్టిఫికెట్ ఎవరిస్తారు? బాండ్ రాయమంటున్నారా? మధ్యలో కాంట్రాక్టరుంటే, ట్రైనింగ్ మాటే ఎత్తకపోతే, వదిలేయండి. మెషిన్ తయారుచేసేవాళ్లో, వాళ్ల సర్వీసు విభాగమో అయితే నా ఓటు చేరడానికే.

రైల్వే ఉద్యోగమే కావాలనుకుంటే ఆ దారేమీ మూసుకుపోదు. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు (ఆర్‌ఆర్‌బీ) ఇచ్చే జూనియర్ ఇంజినీర్ (జేఈ) నోటిఫికేషన్లలో ట్రాక్ మెషిన్ అని విడిగా పోస్టులుంటాయి, మెకానికల్ డిప్లొమా వాళ్లు రాయొచ్చు. పరీక్షలో అనుభవానికి మార్కులు రావు, సైట్‌లో ఉంటూ చదవడమూ తేలిక కాదు, ముందే చెబుతున్నా. ఇక ఈసెట్ అంటారా, బాబుకి నిజంగా డిజైన్ వైపు మనసుంటే ఇప్పుడే రాయించండి, ఊరికే డిగ్రీ ఉండాలని అయితే రెండేళ్లు పని చేశాక ఆలోచించినా ఆలస్యమేమీ కాదు.