కార్డు కొనేముందు మూత విప్పి చూడు

కావలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ట్యూషన్ పిల్లల కోసం మీ ఆయన ఆఫీసులో తీసేసిన మిషన్లు మూడు తెచ్చుకున్నారని, ఒకటి లెనోవో థింక్‌ప్యాడ్ టి430, ఒకటి పాత డెల్ ఇన్‌స్పిరాన్, మూడోది అసెంబుల్డ్ డెస్క్‌టాప్ అని రాశావు. దేంట్లోనూ వైఫై సరిగా లేదు. "మూడింటికీ పనికొచ్చే మంచి వైఫై కార్డు ఒకటి చెప్పు పెదనాన్నా, ఆన్‌లైన్లో మూడు ఆర్డర్ పెట్టేస్తాను" అన్నావు. అట్టాంటి కార్డు లేదమ్మా. ఏ కార్డు మంచిదో చెప్పేవాళ్లు ఊరంతా ఉంటారు. నీ మిషన్ ఏ కార్డును ఒప్పుకుంటుందో మాత్రం ఆ మిషనే చెప్పాలి. అందుకే డబ్బులు పెట్టేముందు దాన్ని ఎట్టా అడగాలో రాస్తున్నాను. కాస్త పెద్ద జాబే, టీ తాగుతూ చదువుకో.

అసలు కార్డు మార్చాల్సిన అవసరం ఉందో లేదో ముందు తేల్చుకో. మీ ఇంట్లో కొత్తగా పెట్టిన ఫైబర్ బాక్సు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు, అంటే సిగ్నల్ పోయే రెండు దారులు, ఇస్తుంది. పాత కార్డుల్లో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. బాక్సు సెట్టింగుల్లోకి పోయి రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టు. సెక్యూరిటీ దగ్గర, అంటే వైఫైకి వేసే తాళం రకం దగ్గర, డబ్ల్యూపీఏ3 ఒక్కటే అని ఉంటే దాన్ని డబ్ల్యూపీఏ2కి మార్చు, పాత కార్డులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఇంకో సంగతి, మీ బాక్సు వైఫై 6 రకమైతే, పాత డ్రైవరు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న కొన్ని ఇంటెల్ కార్డులకు దాని పేరు లిస్టులోనే కనపడదు. పక్కింటివాళ్ల వైఫై కనపడుతుంది, మనది కనపడదు! చూసినవాళ్లు కార్డు పోయిందనుకుంటారు. ఇంటెల్ వాళ్లు ఇచ్చిన కొత్త డ్రైవరు వేస్తే సరిపోతుంది. ల్యాప్‌టాప్ పక్కన వైఫైకి చిన్న జారుడు స్విచ్చి ఉందేమో కూడా తడిమి చూడు. నవ్వకు, రిపేరుకొచ్చే వాటిలో ఇదీ ఒక రకమే.

నెట్ లేకుండా డ్రైవరు ఎట్టా దించుకోవాలి అంటావేమో. నీ ఆండ్రాయిడ్ ఫోను వైఫైకి కలిపి, ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. కంప్యూటర్ దాన్ని లాన్ కనెక్షన్ కింద తీసుకుంటుంది. చాలా ఫోన్లు వైఫై ఆన్‌లో ఉంటే మొబైల్ డేటా ముట్టుకోకుండా ఆ వైఫైనే ఇస్తాయి.

ఇవన్నీ చేసినా కుదరకపోతే, అప్పుడు లోపల ఏముందో చూడాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి పోయి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకో. ఒక పొడుగాటి వరస వస్తుంది. అందులో వెన్ (VEN) అన్న అక్షరాల తర్వాత ఉండేది చిప్ కంపెనీ నంబరు. 8086 అంటే ఇంటెల్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 168సి అంటే ఎథెరాస్, 10ఈసి అంటే రియల్‌టెక్. దాని వెనక డెవ్ (DEV) అని ఉండేది చిప్ మోడల్. విండోస్‌కి బదులు వేసుకునే లైనక్స్‌లో అయితే టెర్మినల్లో lspci -nn అని కొడితే చాలు. బయట డబ్బా మీద ఏ పేరు రాసున్నా నువ్వు నమ్మాల్సింది ఈ నంబర్లనే. ఆ వరస మొత్తం ఫోటో తీసి పెట్టుకో.

తర్వాత మూత విప్పు. ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టు. డెల్‌లో చాలా మోడళ్లకు అడుగున చిన్న మూత ఉంటుంది. థింక్‌ప్యాడ్ టి430లో కీబోర్డు వైపు నుంచి పోవాలి, ఒంటిచేత్తో అయ్యే పని కాదు, మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో. 2005కి ముందు ల్యాప్‌టాప్‌లలో వెడల్పాటి మినీ పీసీఐ కార్డులుండేవి. ఆ తర్వాత వచ్చినవి మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్. పేరులో ఒక్క మాటే తేడా, కానీ ఒకదాని సాకెట్లో ఇంకొకటి దూరదు. నీ రెండు ల్యాప్‌టాప్‌లవీ ఈ రెండో రకమే. వీటిలో మళ్లీ ఫుల్, హాఫ్ అని రెండు సైజులు. రెండూ 30 మిల్లీమీటర్ల వెడల్పే. పొడుగు ఫుల్‌ది సుమారు 51, హాఫ్‌ది 27. స్కేలు పెట్టి కొలువు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎం.2 కార్డు వేరే జాతి, అది నీకు అక్కర్లేదు. ఇంటెల్ కార్డుల్లో పేరు చివర చూస్తే తెలిసిపోతుంది: హెచ్‌ఎమ్‌డబ్ల్యూ అని ఉంటే హాఫ్ మినీ, ఎన్‌జీడబ్ల్యూ అని ఉంటే ఎం.2. ఆర్డర్ పెట్టేముందు ఈ మూడక్షరాలు చూసుకోనివాళ్లే ఎక్కువ.

విప్పినప్పుడే ఇంకో పని కూడా చెయ్యి. మనది సముద్రం దగ్గరి ఊరు, ఉప్పుగాలికి కార్డు అంచున బంగారు రంగు గీతలు మసకబారతాయి. కార్డు బయటికి తీసి, ఆ గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టు. దాంతోనే కార్డు లేచి కూర్చుంటే ఈ జాబులో మిగతాది చదవక్కర్లేదు.

ఇక థింక్‌ప్యాడ్ సంగతి. నువ్వు ఆర్డర్ పెట్టకుండా నన్ను అడగడం మంచిదైంది, ఎందుకంటే అందరూ బోల్తాపడేది దీని దగ్గరే. టి430 బయాస్‌లో, అంటే మిషన్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు నడిచే లోపలి ప్రోగ్రాంలో, వైట్‌లిస్ట్ అని ఒకటుంది. మిషన్ ఆన్ అయిన వెంటనే లోపలి కార్డు నంబరు చూస్తుంది. ఆ లిస్టులో ఉంటే సరే, లేకపోతే 1802 అని తెర మీద ఒక ఎర్రర్ వేసి, కార్డు తీసేయమని చెప్పి అక్కడే ఆగిపోతుంది. విండోస్ దాకా కూడా పోనివ్వదు. కార్డు కొత్తదా, ఖరీదైనదా అని చూడదు. రేషన్ కార్డులో పేరు లేనివాడికి డీలరు బియ్యం కొలవడు చూడు, అట్టా. ఇంకా చిక్కేందంటే, అది చిప్ ఒక్కటే చూడదు, ఆ కార్డు ఎవరి కోసం తయారైందో చెప్పే ఉప నంబరు కూడా చూస్తుంది. అంటే అదే ఇంటెల్ 6205 కార్డు డెల్ కోసం చేసిందైతే లెనోవోలో చెల్లకపోవచ్చు. హెచ్‌పీ పాత ల్యాప్‌టాప్‌లలోనూ ఇదే గొడవ, అక్కడ 104 అని ఎర్రర్ వస్తుంది.

కాబట్టి థింక్‌ప్యాడ్‌కి కార్డు వెతికేటప్పుడు మోడల్ పేరుతో పాటు ఎఫ్‌ఆర్‌యూ నంబరు, అంటే ఆ విడిభాగానికి లెనోవో వాళ్లు ఇచ్చిన నంబరు, చూడాలి. కార్డు స్టిక్కరు మీద ఎఫ్‌ఆర్‌యూ అని రాసి ఏడు అంకెలూ అక్షరాలూ ఉంటాయి. ఏ ఎఫ్‌ఆర్‌యూలు చెల్లుతాయో ఎక్కడ దొరుకుతుందంటావా, లెనోవో వాళ్లే హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అని ప్రతి మోడల్‌కీ ఒక పీడీఎఫ్ ఊరికే ఇస్తారు. అందులో వైర్‌లెస్ కార్డుల పట్టిక ఉంటుంది, ఎట్టా విప్పాలో బొమ్మలు కూడా ఉంటాయి. నా మాట వింటే ఇంటెల్ సెంట్రినో 6205 లేదా 6300, లెనోవో ఎఫ్‌ఆర్‌యూ ఉన్నది తీసుకో. రెండూ 5 గిగాహెర్ట్జ్ పట్టుకుంటాయి. 6300కి మూడు యాంటెన్నాలు కావాలి, నీ దాంట్లో రెండు వైర్లే ఉంటే రెండింటితోనే నడుస్తుంది, దాని కోసం ఎక్కువ పెట్టకు. 6205 వేగం కాగితం మీద 300 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). పిల్లలకు పాఠాల వీడియోలు చూపించడానికి అది ఎక్కువే. బయాస్‌ని మార్చి ఆ లిస్టు తీసేసే పద్ధతులు కూడా నెట్‌లో చెబుతారు. బయాస్ రాసే మధ్యలో కరెంటు పోయిందంటే మదర్‌బోర్డు కొత్తది వెతుక్కోవాలి. వెయ్యి రూపాయల కార్డు కోసం ఆ పని వద్దు.

డెల్‌తో అంత టెన్షన్ లేదు. డెల్ వాళ్లు సాధారణంగా ఈ వైట్‌లిస్ట్ పెట్టరు. దాంట్లో ఇంటెల్ 7260 హెచ్‌ఎమ్‌డబ్ల్యూ వేసుకోవచ్చు, విండోస్ 7కి కూడా డ్రైవరుంది. కానీ 7260లోనూ మూడు రకాలున్నాయి. ఏసీ (వైఫై 5 రకం) అని ఉన్నది పూర్తి కార్డు. ఏఎన్ అంటే రెండు బ్యాండ్లూ ఉంటాయి గానీ ఏసీ వేగం ఉండదు. బీఎన్ అన్నదాంట్లో 2.4 ఒక్కటే. సెకండ్‌హ్యాండ్ షాపులో మూడూ ఒకే పేరుతో ఇస్తారు, స్టిక్కరు చదివే తీసుకో. ఏఎక్స్200 చిప్పుతో మినీ కార్డులు చేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఇంటెల్ దానికి విండోస్ 7 డ్రైవరు ఇవ్వలేదు. ఇంకో మాట, ఇటువంటి కార్డుల్లో బ్లూటూత్ కూడా ఉంటుంది, కానీ అది సాకెట్లోని యూఎస్‌బీ గీతల మీద నడుస్తుంది. కొన్ని పాత బోర్డుల్లో ఆ గీతలు కలిపి ఉండవు. వైఫై వచ్చి బ్లూటూత్ రాకపోతే కార్డు చెడ్డదని తిప్పి పంపకు.

డెల్ మూత తీసినప్పుడు కార్డుకి ఎన్ని వైర్లు వచ్చాయో లెక్కపెట్టు. చవక మోడళ్లకు కంపెనీ ఒక్క యాంటెన్నా వైరే ఇచ్చి ఉండొచ్చు. అట్టా ఉంటే రెండు యాంటెన్నాల కార్డు వేసినా దాని పూర్తి వేగం రాదు. మామూలుగా తెల్ల వైరు మెయిన్, నల్లది ఆక్స్, అంటే రెండోది. పీకేముందు ఫోటో తీసుకో. ఆ గుండ్రటి బుల్లి కనెక్టర్లను వైరు పట్టుకుని లాగకు, గోటితో కింద నుంచి నిటారుగా పైకి లేపు. మళ్లీ పెట్టేటప్పుడు సరిగ్గా మీద ఉంచి, వేలితో నొక్కితే టిక్కుమంటుంది. వాటిని ఓ ముప్పై సార్లు పెట్టి తీయడానికే తయారుచేస్తారు, ఊరికే ఆడుకోకూడదు. ఎం.2 కార్డుల కనెక్టర్లు ఇంకా చిన్నవి, ఈ వైర్లు వాటికి పట్టవు.

డెస్క్‌టాప్‌కి నన్నడిగితే కార్డే వద్దు. బాక్సు నుంచి క్యాట్ 5ఈ కేబుల్ లాగు. 100 మీటర్ల దాకా ఢోకా లేదు, పాస్‌వర్డ్ గొడవా లేదు. గోడకు బెజ్జం పెట్టడానికి మీ అత్తగారు ఒప్పుకోకపోతే అప్పుడు మదర్‌బోర్డు మీద చిన్న స్లాట్‌లో పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 కార్డు చూడు. ఆ చిన్న స్లాట్ ఖాళీ లేకపోయినా పొడుగాటి గ్రాఫిక్స్ స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది. పాత తెల్ల పీసీఐ స్లాట్లే ఉంటే కార్డు కోసం తిరగడం దండగ, యూఎస్‌బీదే కొనుక్కో.

యూఎస్‌బీ అడాప్టర్ అంటే చిన్నచూపు చూస్తారు గానీ, పాత మిషన్లకు చాలాసార్లు అదే సరైన మందు. వైట్‌లిస్ట్ దాన్ని ఆపలేదు, మూత విప్పే పని లేదు, రేపు ఇంకో మిషన్‌కి మార్చుకోవచ్చు. కానీ కొనేటప్పుడు చిప్పు పేరు అడుగు. ఒకే మోడల్ పేరు కింద కంపెనీలు లోపలి చిప్పు మార్చేస్తుంటాయి. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అని బాగా పేరున్న అడాప్టర్ ఉంది. మొదటి వెర్షన్‌లో ఎథెరాస్ చిప్పు, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్. డబ్బా ఒకటే, లైనక్స్‌లో నడక వేరు. డబ్బా మీద "600" అని ఉంటే అది రెండు బ్యాండ్ల వేగాలు కలిపి రాసిన లెక్క, 5 మీద వచ్చేది 433 ఎంబీపీఎస్. పైగా పాత యూఎస్‌బీ 2.0 పోర్టు గరిష్ఠమే 480. గోరంత నానో అడాప్టర్ కంటే బయటికి యాంటెన్నా ఉన్నది మేలు. డెస్క్‌టాప్ వెనక గోడవైపు గుచ్చకుండా, ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదకి తెచ్చుకో. నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టుల దగ్గర 2.4 సిగ్నల్‌కి రొద తగులుతుంది, కేబుల్ పెట్టి దూరం చేస్తే అదీ తగ్గుతుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. టి430లో ఉండే మూడో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. కాబట్టి ఎట్టాగూ లైనక్స్ మింట్ వేస్తావు. వేసేట్టయితే ఇంటెల్ లేదా ఎథెరాస్ చిప్పు పట్టుకో, పెట్టగానే నడుస్తాయి. యూఎస్‌బీలో మీడియాటెక్ ఎంటీ7612యూ ఉన్నది దొరికితే వదలకు, దాని డ్రైవరు లైనక్స్ కెర్నల్‌లోనే (లైనక్స్ అసలు భాగంలోనే) ఉంది. చాలా బ్రాడ్‌కామ్ కార్డులకి విడిగా డ్రైవరు దించుకోవాలి. రియల్‌టెక్‌లో కొన్ని బాగుంటాయి, కొన్ని ప్రతి అప్‌డేట్‌కీ అలుగుతాయి. నువ్వు పాఠం చెప్పాలా, దాన్ని బుజ్జగిస్తూ కూర్చోవాలా?

ఎక్కడ కొనాలంటావా. థింక్‌ప్యాడ్ కార్డు మటుకు నెల్లూరు, ఒంగోలు షాపుల్లో పాత ల్యాప్‌టాప్‌లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర ముందు అడుగు. లేకపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయేవాళ్లెవరికైనా ఎఫ్‌ఆర్‌యూ నంబరు కాగితం మీద రాసివ్వు, నోటిమాటగా చెబితే వేరేది తెస్తారు. పాత కార్డు ఏదైనా సరే, పెట్టి ఆన్ చేసి చూపిస్తేనే డబ్బులివ్వాలి, లేదా వారంలో తిరిగి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోవాలి. తెచ్చాక మళ్లీ హార్డ్‌వేర్ ఐడీ చూడు. స్టిక్కరు మార్చడం పెద్ద విద్య కాదు. 7260 అయితే డెవ్ దగ్గర 08బి1 గానీ 08బి2 గానీ ఉండాలి.

ఆదివారం లోపల నాకు నాలుగు ఫోటోలు పంపు: డెల్ లోపలి కార్డు వైర్లతో సహా, థింక్‌ప్యాడ్ కార్డు స్టిక్కరు, డెస్క్‌టాప్ మదర్‌బోర్డు స్లాట్లు, ఫైబర్ బాక్సు వెనక ఉండే మోడల్ స్టిక్కరు. చివరిదాంట్లో వైఫై పాస్‌వర్డ్ కూడా ముద్రించి ఉంటుంది, దాని మీద వేలు పెట్టి తియ్యి, మన ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకు. చూసి, డెల్‌కి ఏది కొనాలో ఆ రాత్రే చెబుతాను. అప్పటిదాకా దేనికీ ఆర్డర్ పెట్టొద్దు.

పిల్లలకు ముద్దులు.

మీ పెదనాన్న