జీఎం లేబుల్ సంగతి తర్వాత.. ముందు బాబును చూపించండి

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు. ప్యాకెట్‌లో వచ్చే సోయా చిరుతిండి తిన్న కాసేపటికే రెండుసార్లు పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. రెండోసారి వాంతి చేసుకున్నాడు, కాస్త దగ్గాడు కూడా. ఇంట్లో ఉన్న సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర వేస్తే తగ్గింది. జన్యుమార్పిడి (జీఎం) సోయా వల్లే ఇలా అవుతుందని చదివాను. అప్పటి నుంచి 'నాన్ జీఎం' అని రాసి ఉన్న సోయానే ఇస్తున్నాం. మొక్కజొన్న ఉన్నవన్నీ మానిపించాం. జీఎం అన్న సంగతి ప్యాకెట్ మీద వేయకుండా అమ్మడం నైతికంగా తప్పు కాదా? వైద్యులుగా మీరేమంటారు?
- ఓ తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది లేబుల్ గురించి. నా చూపు మాత్రం మీరు మాటవరసకు రాసిన ఆ దగ్గు దగ్గరే ఆగిపోయింది. తిన్న కాసేపటికే దద్దుర్లు, వాపుతో పాటు వాంతి, దగ్గు కూడా వస్తే దాన్ని ఒట్టి చర్మ అలర్జీ అని తీసిపారేయకూడదు. అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన రియాక్షన్‌ను అనుమానించాల్సిందే. పిల్లాడిని చూడకుండా అదేనని నేను తేల్చి చెప్పలేను. కాదని మాత్రం అసలే చెప్పలేను.

ఇక సెట్రిజిన్. దురదను, దద్దుర్లను తగ్గించడమే దాని పని. మూసుకుపోతున్న గొంతు మీద గానీ, పడిపోతున్న బీపీ మీద గానీ అది పనిచేయదు. ఆ రోజు మాత్ర వల్లే తగ్గిందో, రియాక్షన్ దానంతటదే సద్దుమణిగిందో ఎవరం చెప్పలేం. పోయినసారి తగ్గింది కదా అని ఈసారీ మాత్ర వేసి, దద్దుర్లు ఎప్పుడు పోతాయా అని చూస్తూ కూర్చుంటారు. నా భయమంతా ఆ కూర్చున్న సమయం గురించే. ఇలాంటి రియాక్షన్‌కు మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటి వైపు కండరంలోకి. అది ఆలస్యమైనకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఒకసారి తగ్గి, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టడం కూడా ఉంది. అందుకే ఇంజెక్షన్‌తో కుదుటపడిన వాళ్లను కూడా కొంతసేపు ఆసుపత్రిలోనే ఉంచుతాం. రెండోసారి వాంతి అయిన రోజునే మీరు బాబును తీసుకెళ్లి ఉండాల్సింది. కోప్పడుతున్నానని అనుకోకండి, కోప్పడాల్సిన విషయమే ఇది.

మీ జాగ్రత్తలో ఇంకో చిక్కు ఉంది. సోయాలో అలర్జీ తెప్పించే ప్రొటీన్లు సోయాకు సహజంగా ఉన్నవే. జన్యుమార్పిడి చేయని సోయాలోనూ అవే ఉంటాయి. బాబుకు పడనిది సోయాయే అయితే 'నాన్ జీఎం' ప్యాకెట్ తినిపించడం అంటే అదే వస్తువును ధైర్యంగా మళ్లీ పెట్టడమే. పరీక్షలు అయ్యేదాకా ఏ రకం సోయా పెట్టొద్దు. ఆ చిరుతిండిలో వేరుశనగ, పాలపొడి, గోధుమ, నువ్వులు కూడా ఉండి ఉండొచ్చు. అసలు దోషి వాటిలో ఏదైనా కావచ్చు. ప్యాకెట్ దొరికితే వెనకవైపు పదార్థాల జాబితాను ఫొటో తీసి తీసుకెళ్లండి. 'ఇందులో ఇవి ఉన్నాయి' అని అలర్జీ పదార్థాలు రాసే ఆ చిన్న అక్షరాల వరుసే మీ బాబుకు కావాల్సిన లేబుల్.

అలాగని జీఎంకూ అలర్జీకీ సంబంధమే లేదని అనను. ఒక మొక్కలోని అలర్జీ ప్రొటీన్ జన్యువుతో పాటు ఇంకో మొక్కలోకి వెళ్లగలదు. పశువుల దాణా కోసం బ్రెజిల్ నట్ అనే గింజ జన్యువును సోయాలో పెట్టి చూశారు. 1996లో వచ్చిన పరిశోధన ప్రకారం, బ్రెజిల్ నట్ పడని 9 మందిలో 8 మంది రక్తంలోని యాంటీబాడీలు (పడని పదార్థాన్ని గుర్తుపట్టే రక్షక ప్రొటీన్లు) ఆ కొత్త సోయాలోని ప్రొటీన్‌ను గుర్తుపట్టాయి. ఆ సోయాను మార్కెట్లోకి రానివ్వలేదు. 2000లో పశువుల దాణాకు మాత్రమే అనుమతి ఉన్న స్టార్‌లింక్ అనే జీఎం మొక్కజొన్న అమెరికాలో మనుషులు తినే ఆహారంలో బయటపడింది. దానివల్లే అలర్జీ వచ్చిందన్న వారిలో కొందరి రక్తాన్ని పరీక్షిస్తే, ఆ మొక్కజొన్నలోని కొత్త ప్రొటీన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపించలేదు. జీఎం ఆహారాన్ని గంపగుత్తగా మంచిదనో చెడ్డదనో అనలేం, ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించాలి. ఇప్పుడు అంతర్జాతీయ మార్కెట్లో ఉన్నవి భద్రతా పరీక్షలు దాటినవేనని, వాటివల్ల ఆరోగ్యానికి ముప్పు ఉండే అవకాశం తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇప్పుడు మీ ప్రశ్న. ప్యాకెట్ మీద వేయాలనే నేనంటాను. రోగికి చెప్పి, ఒప్పించి వైద్యం చేయాల్సిన వృత్తిలో ఉండి 'దాచిపెట్టండి' అని ఎలా అంటాను? ఆరోగ్యమే కారణం కానక్కర్లేదు. మత విశ్వాసం వల్లో, విత్తనాలపై కంపెనీల పెత్తనం నచ్చకో, జీఎం పంటలకు వాడే కలుపుమందుల మీద అభ్యంతరంతోనో ఎవరైనా వద్దనుకోవచ్చు. అది వాళ్ల హక్కు. అయితే ఆ అక్షరాలను ప్రమాద హెచ్చరికలా చదివితేనే చిక్కు. పైగా ఒక్కో చోట ఒక్కో లెక్క. యూరోపియన్ యూనియన్‌లో ఒక పదార్థంలో అనుకోకుండా కలిసిన జీఎం 0.9 శాతం దాటితే రాయాలి. జీఎం సోయా నుంచి తీసిన నూనెలో ఆ జన్యువు ఆనవాలు మిగలకపోయినా చెప్పాల్సిందే. అమెరికాలో 2022 నుంచి తప్పనిసరి చేసిన నిబంధనల్లో ఆ హద్దు 5 శాతం. ఆనవాలు దొరకని శుద్ధి చేసిన నూనెలను మొదట వదిలేశారు. ఒకే నూనెకు యూరప్‌లో లేబుల్ ఉంటే, అమెరికాలో లేకపోయింది. ఒంట్లో చేసే పనిలో తేడా ఏముంది? (మధుమేహ రోగులు వాడే మానవ ఇన్సులిన్ 1982 నుంచి జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవుల నుంచే వస్తోంది. ఆ లేబుల్ అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.)

ఈ వారంలోనే పిల్లల అలర్జీ నిపుణులకు చూపించండి. చర్మ పరీక్ష, అవసరమైతే రక్తంలో ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) పరీక్ష చేస్తారు. అలర్జీ మాత్రలు వాడుతుంటే చర్మ పరీక్ష ఫలితం తప్పుగా రావచ్చు, ఎన్ని రోజుల ముందు ఆపాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. ఉబ్బసం ఉంటే తప్పకుండా చెప్పండి. 'కొంచెం పెట్టి చూద్దాం' అంటూ ఇంట్లో ప్రయోగాలు వద్దు. ఎదిగే పిల్లాడికి ఆధారం లేకుండా ఇన్ని మానిపించడమూ మంచిది కాదు. మొక్కజొన్న సంగతి పరీక్షల తర్వాత నిపుణులే తేలుస్తారు. అడ్రినలిన్ పెన్ను (ఇంట్లోనే వెంటనే ఇచ్చుకోగలిగే ఇంజెక్షన్) అవసరమా అన్నది కూడా వాళ్లనే అడగండి. ఇస్తే ఎలా వాడాలో మీరూ, బడిలో టీచరూ నేర్చుకోవాలి. ఈలోగా మళ్లీ పెదవులు వాచి దగ్గు, ఆయాసం, గొంతు బొంగురు, మగత, వాంతి వంటివి ఏవి కనిపించినా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. నడిపించకండి. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి, మాత్ర కోసం వెతుకుతూ ఆలస్యం చేయకండి.