ఓ. హెన్రీని రచయితను చేసింది జైలేనా?

"ఓ. హెన్రీ జైలుకు వెళ్లకపోయి ఉంటే రచయిత అయ్యేవారు కాదంటారు, అది ఎంతవరకు నిజం?" అని అడిగారు. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల షాపులో పదహారేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. అందులో సగానికి పైగా రాత్రి డ్యూటీలే. ఓ. హెన్రీ అనే ఆ అమెరికన్ కథకుడి కథలలో చాలా భాగం ఆ రాత్రులలోనే చదివాను కనుక, నాకు తోచిన సమాధానం చెబుతాను.

రాయడం ఆయనకు జైలులో అబ్బిన విద్య కాదు. 1862లో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో పుట్టిన విలియం సిడ్నీ పోర్టర్ (ఓ. హెన్రీ అసలు పేరు ఇదే) మూడేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకుని, మేనత్త నడిపిన బడిలో చదువుకుని, తండ్రి సోదరుడి మందుల దుకాణంలో పని నేర్చుకుని, పందొమ్మిదేళ్లకే ఫార్మసిస్టు లైసెన్సు పొందారు. తర్వాత టెక్సాస్ చేరి, ఆస్టిన్‌లో ప్రభుత్వ భూముల కార్యాలయంలో నక్షాలు గీశారు, బ్యాంకులో టెల్లర్‌గా చేశారు, 1894లో 'ది రోలింగ్ స్టోన్' అనే హాస్య వారపత్రికను కూడా నడిపారు. అది ఏడాదికే మూతపడింది.

బ్యాంకు సొమ్ము కాజేశారన్న కేసు 1896లో ఆయన మెడకు చుట్టుకుంది. విచారణకు ముందు రోజు పారిపోయి హోండురాస్ చేరిన మనిషి, భార్య ఎథోల్ క్షయతో మరణశయ్యపై ఉందని తెలిసి తిరిగివచ్చారు. నేరం చేశారా లేదా అన్న వాదన ఎలా ఉన్నా, ఆ తిరిగిరావడాన్ని నేను తేలికగా తీసుకోలేను.

1898లో ఐదేళ్ల శిక్షతో ఒహాయో రాష్ట్ర జైలుకు వెళ్లినప్పుడు ఆయనను ఆదుకున్నది ఆ పాత లైసెన్సే. జైలు ఆసుపత్రిలో రాత్రి మందులిచ్చే పని దొరికింది, పడుకోవడానికి అక్కడే గది ఇచ్చారు. రాత్రి ఒంటిగంట దాటాక వార్డుల నుంచి చీటీలు రావడం తగ్గి, ఫ్రిజ్ చప్పుడు తప్ప మరేమీ వినిపించని ఆ రెండు మూడు గంటల నిశ్శబ్దం ఎంత విలువైనదో నాకు అనుభవం. ఆయనకు అలాంటి రాత్రులతో పాటు, పోషించవలసిన కూతురు మార్గరెట్ కూడా ఉంది. తండ్రి జైలులో ఉన్నాడని ఆ పాపకు చెప్పలేదు. మారుపేర్లతో రాసిన కథలను న్యూ ఆర్లీన్స్‌లోని మిత్రుడి ద్వారా పత్రికలకు పంపేవారు. కనుక జైలు ఆయనకు ఇచ్చింది ప్రతిభను కాదు, తీరికను, అవసరాన్ని అని నా నమ్మకం.

సత్ప్రవర్తన వల్ల 1901లో విడుదలై, మరుసటి ఏడాది న్యూయార్క్ చేరాక 'న్యూయార్క్ వరల్డ్' ఆదివారం సంచికకు ఏడాదికి పైగా వారానికో కథ ఇచ్చారు. 1905 డిసెంబరులో అందులో వచ్చిందే 'ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై'. అది 1 డాలరు 87 సెంట్ల లెక్కతో, అందులో 60 సెంట్లు చిల్లర పైసలేనన్న మాటతో మొదలవుతుంది. ఒక రాత్రి మా కౌంటరు మీద ఒక పెద్దాయన పంచె మొలలోంచి తీసిన నాణేలను పది పదిగా పేర్చి, తగ్గిన పద్దెనిమిది రూపాయల కోసం మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు. ఆ తర్వాత ఆ కథ తొలి వాక్యాలను నేను త్వరగా చదివి దాటలేకపోతున్నాను.

మద్యం ఆయన ఆరోగ్యాన్ని తినివేసింది. 1910 జూన్ 5న, నలభై ఏడేళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు. మీరు జైలు ప్రభావాన్నే వెతకదలిస్తే జిమ్మీ వాలెంటైన్ అనే దొంగ కథ 'ఎ రిట్రీవ్డ్ రిఫర్మేషన్'తో మొదలుపెట్టండి. అది జైలులో బూట్లు కుట్టే గదిలోనే మొదలవుతుంది.