తేదీ మారిస్తే రివ్యూ అయిపోతుందా?

ప్రశ్న: మాది హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీ. నేను మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో ఉన్నాను. కొన్నేళ్ల కిందట కన్సల్టెంట్లు వచ్చి, ముఖ్యమైన మెషీన్లన్నిటికీ రిలయబిలిటీ సాఫ్ట్‌వేర్‌లో ఎనాలిసిస్‌లు (ఏ మెషీన్ ఎలా పాడవుతుంది, దానికి ఏ పని చేయాలి అన్న విశ్లేషణలు) ఎక్కించి వెళ్లారు. ఇప్పుడు స్క్రీన్ తెరిస్తే ‘రివ్యూ గడువు దాటింది’ అని వందల కొద్దీ ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆడిట్ దగ్గరపడింది. మా హెడ్‌గారేమో ‘తెరువు, తేదీ మార్చు, అప్రూవల్‌కి పంపు’ అంటున్నారు. నిజంగా రివ్యూ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి సార్?

జవాబు: మీ హెడ్‌గారిని నేను తప్పుపట్టను. ఆ ఎర్ర రంగు ఆయన నెత్తిమీదే ఉంటుంది. కానీ తేదీ మార్చి పంపితే, చదవని కాగితం మీద సంతకం చేసినట్టే. రేపు ఆ మెషీన్ పెద్దగా పాడైతే ఆ సంతకం కిందే మీ పేరు కూడా ఉంటుంది.

వందలూ ఒకేసారి పట్టుకోకండి. ముందు ఒక పది తీయండి. ఏ పది? గత రెండేళ్ల బ్రేక్‌డౌన్ జాబితా ఒక పక్క, ఎనాలిసిస్‌లోని ఫెయిల్యూర్ మోడ్‌లు (మెషీన్ పాడయ్యే తీరులు) ఇంకో పక్క పెట్టుకోండి. ప్లాంట్‌లో జరిగింది కానీ ఎనాలిసిస్‌లో దాని ఊసే లేదు అన్నవి మొదటి వరస. ఎనాలిసిస్ చేశాక మెషీన్‌లో గానీ, అది నడిచే పరిస్థితుల్లో గానీ మార్పు వచ్చినవి రెండో వరస. క్యాలెండర్ ప్రకారం గడువు దాటినవి ఆ తర్వాత.

రెండో వరసను చాలామంది వదిలేస్తారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. మీ ప్రీహీటర్ ఫ్యాన్‌నే తీసుకోండి. అప్పట్లో గాలిని డ్యాంపర్‌తో తగ్గించేవారు, ఇప్పుడు వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్నే మార్చే డ్రైవ్) పెట్టి ఉంటారు. కరెంటు ఆదా అయింది, బాగానే ఉంది. కానీ డ్రైవ్ వచ్చాక మోటార్ షాఫ్ట్‌లో వోల్టేజి పుట్టి, అది బేరింగ్ గుండా భూమిలోకి పోయే వీలుంది. అలా పోయిన బేరింగ్‌ను కోసి చూస్తే రేసు (లోపలి గుండ్లు దొర్లే రింగు) మీద అడ్డంగా, సమాన దూరంలో, దువ్వెన పళ్లలా సన్నటి గీతలుంటాయి. గ్రీజు నల్లగా మాడినట్టుంటుంది. మన వర్క్ ఆర్డర్లో మాత్రం ‘బేరింగ్ ఫెయిల్యూర్, మార్చబడినది’ అని ఒక్క ముక్కే ఉంటుంది. పాత ఎనాలిసిస్‌లో దీనికి మందు ‘గ్రీజు పెట్టు, రెండేళ్లకోసారి బేరింగ్ మార్చు’. ఆ మందు ఎన్నేళ్లు వేసినా ఈ జబ్బు తగ్గదు. దీనికి కావలసింది ఇన్సులేటెడ్ బేరింగ్, షాఫ్ట్ ఎర్తింగ్ బ్రష్, ఆ బ్రష్ అరుగుదల చూసే చిన్న పని.

అలాగే బొగ్గులో కొంత భాగం బదులు ప్రత్యామ్నాయ ఇంధనం కాల్చడం మొదలుపెట్టారా? క్లోరిన్ పెరిగితే ప్రీహీటర్ సైక్లోన్లలో (వేడి గాలి, పొడి సుడి తిరిగే గరాటుల్లో) కోటింగ్ కట్టడం పెరుగుతుంది. ఇంధనం మారినా, రా మిక్స్ మారినా, ఫ్యాన్ ఇంపెల్లర్ (రెక్కల చక్రం) మీద పేరుకునే పొడి కూడా మారవచ్చు. పేరుకున్నదాంట్లో ఒక పెచ్చు ఊడిందంటే బ్యాలెన్స్ తప్పి వైబ్రేషన్ గంటల్లోనే ఎగబాకుతుంది. నెలకోసారి పట్టుకెళ్లే వైబ్రేషన్ మీటర్‌కి అది చిక్కదు. ఇలాంటి ఎనాలిసిస్‌లు ఎలా ఉండాలో చెప్పడానికి ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ 1999లో తెచ్చిన జేఏ1011 ప్రమాణంలో ఏడు ప్రశ్నలున్నాయి. మొదటిదే ‘ఇప్పుడు నడుస్తున్న పరిస్థితుల్లో ఈ మెషీన్ చేయాల్సిన పని ఏమిటి, ఎంత మేరకు’ అని. ఆ ‘ఇప్పుడు’ దగ్గరే సగం రివ్యూ ఉంది.

చరిత్ర చూసేటప్పుడు ఒక జాగ్రత్త. శాప్‌లో (వర్క్ ఆర్డర్లు నడిచే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో) డ్యామేజ్ కోడ్‌లను గుడ్డిగా నమ్మకండి. నెలాఖరులో ఎవరో కూర్చుని, పెండింగ్ ఆర్డర్లన్నీ ‘ఇతరములు’ కింద మూసేసి ఉంటారు. ఆ ఆర్డర్ మీద స్టోర్స్ నుంచి ఏం తీశారో చూడండి. ‘చెక్ చేశాం, ఓకే’ అని రాసిన ఆర్డర్ మీద కప్లింగ్ రబ్బర్లు తీసి ఉంటే ఏం జరిగిందో మీకే తెలుస్తుంది. స్టోర్స్ చీటీ అబద్ధం చెప్పడం తక్కువ. ఆ తర్వాత ఆ పని చేసిన ఫిట్టర్‌ను పిలిచి, ఏసీ గదిలో కాకుండా మెషీన్ దగ్గరే అడగండి. కాంట్రాక్టు మనిషైనా సరే.

సాఫ్ట్‌వేర్ వీబుల్ గీత (వయసు పెరిగేకొద్దీ పాడయ్యే అవకాశం ఎలా మారుతుందో చూపే గీత) గీసి చూపిస్తే ముచ్చటపడి మురిసిపోకండి. మూడు ఫెయిల్యూర్‌లిచ్చినా అది గీత గీస్తుంది. అందులో ఒకటి షాఫ్ట్ కరెంటు, ఒకటి నీళ్లు చేరి తుప్పు, ఒకటి బిగింపు లోపం అయితే ఆ గీత వాలు చెప్పే బీటా విలువకు అర్థమే లేదు. ఒక్కో మోడ్‌ను విడదీయండి. ఇంకా పాడవకుండా నడుస్తున్న బేరింగుల గంటలు కూడా కలపండి. అలా చేశాక బీటా 1కి దగ్గరగా ఉంటే, అంటే పాడవడానికి వయసుతో సంబంధం లేకుంటే, ‘రెండేళ్లకోసారి మార్చు’ అనే పనికి ఆధారం లేదు. కొట్టేయండి. పని కొట్టేయడం కూడా రివ్యూయే, మన దగ్గర దానికే ధైర్యం చాలదు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నోలాన్, హీప్‌లు 1978లో ఇచ్చిన నివేదికలో, విమాన భాగాల్లో వయసు పరిమితి పెట్టి మార్చితే ఉపయోగం ఉండగలిగేవి 11 శాతమే అని తేలింది. ఆ అంకెను సిమెంట్ ఫ్యాక్టరీకి యథాతథంగా అతికించకూడదు. మీ దగ్గర లైనర్లు, క్రషర్ సుత్తులు అరిగి పోయేవే ఎక్కువ. కానీ ప్రతి భాగానికీ ‘ఇది వయసుతో పోతుందా?’ అని అడగడం మాత్రం అలవాటు చేసుకోండి.

చివరి మెట్టు. ఎనాలిసిస్‌లో పని మార్చి అప్రూవ్ చేయించగానే అయిపోలేదు. శాప్‌లో పాత మెయింటెనెన్స్ ప్లాన్ అలాగే ఉంటే, పాత ఆర్డర్లు పడుతూనే ఉంటాయి. ప్లాన్ మారిందా, టాస్క్ లిస్ట్ మారిందా అని మీరే తెరిచి చూడండి. పాత రివిజన్‌ను చెరపకుండా ఉంచి, ఎందుకు మార్చారో రెండు వాక్యాలు రాయండి. మీ కుర్చీలోకి వచ్చేవాడికి ఆ రెండు వాక్యాలే కావాలి.

ప్రశ్న: నేను సౌదీలో జుబేల్‌లో పంపుల మీద వైబ్రేషన్ టెక్నీషియన్‌ని. ఊరు అమలాపురం దగ్గర. మా సాఫ్ట్‌వేర్‌లో అన్ని పంపులకూ నెలకోసారి రీడింగ్ అని ఉంది. మనుషులు తక్కువ. మూడు నెలలకోసారి చేయవచ్చా అన్నా?

జవాబు: తమ్ముడూ, మనుషులు ఎంతమంది ఉన్నారన్నది బట్టి ఇది తేలదు. లోపం మొదటిసారి మీటర్‌కి తెలిసిన రోజు నుంచి పంపు ఆగిపోయే రోజు వరకు ఎన్ని వారాలు పడుతుందో చూడు. ఎనిమిది వారాలనుకో. అందులో సగానికోసారి, అంటే నాలుగు వారాలకోసారి చూస్తే, ఎంత ఆలస్యంగా పట్టుకున్నా నీ చేతిలో నాలుగు వారాలుంటాయి. మూడు నెలలకు మారిస్తే రెండు రీడింగుల మధ్యలోనే లోపం పుట్టి, పంపు పోయి, కొత్తది కూడా ఎక్కేస్తుంది.

కానీ ఆ నాలుగు వారాల్లో బేరింగ్, సీల్ వస్తాయా? పన్నెండు వారాలు పట్టే విడిభాగమైతే నువ్వు వారానికోసారి చూసినా ఉపయోగం లేదు. స్టోర్స్‌లో ఒకటి పెట్టించు. స్టాండ్‌బై ఉండి, ఆగినా ఎవరికీ నష్టం లేని చిన్న పంపులు కొన్ని ఉంటాయి. నీ మనుషుల్ని మిగుల్చుకోవాలంటే వాటి దగ్గర మిగుల్చుకో.

ప్రశ్న: నమస్తే సార్. విశాఖలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్‌ని. గేర్‌బాక్స్ స్టాండ్‌బై లూబ్ ఆయిల్ పంప్ ఆటో-స్టార్ట్ టెస్ట్ (మెయిన్ పంప్ ఆగితే ఇది దానంతటదే ఎత్తుకుంటుందా అని చూసేది) ప్రతిసారీ పాసవుతోంది. రివ్యూ మీటింగ్‌లో ‘ఎప్పుడూ ఫెయిల్ కాని టెస్ట్ ఎందుకు, తీసేద్దాం’ అన్నారు. ఏం చెప్పాలి?

జవాబు: తీయనివ్వకమ్మా. ఆ పంప్ పనిచేయకుండా ఉన్నా మామూలు రోజుల్లో ఎవరికీ తెలియదు. మెయిన్ పంప్ ఆగిన రోజున తెలుస్తుంది, అప్పటికి గేర్‌బాక్స్ ఎండిపోతుంది. తీసేయాలా వద్దా అని కాకుండా, ఎన్నాళ్లకోసారి అన్న దగ్గరికి మీటింగ్‌ను తీసుకురా. లెక్క చిన్నదే: ఒప్పుకోదగిన అలభ్యత (పనికిరాకుండా ఉండే కాలపు వాటా) రెట్టింపు చేసి, సగటు ఫెయిల్యూర్ కాలంతో గుణించాలి. పంప్, స్విచ్, రిలే కలిపి సగటున పదేళ్లకోసారి పోతాయనుకుందాం. నూటికి ఒక్క శాతం కాలం మాత్రమే పనికిరాకుండా ఉన్నా సరే అనుకుంటే, 2 × 0.01 × 10 = 0.2 ఏడాది. దాదాపు 73 రోజులు. ఇప్పుడు నెలకోసారి చేస్తుంటే రెండు నెలలకు పెంచవచ్చు, మీటింగ్‌లో వాళ్లకూ కొంత ఇచ్చినట్టుంటుంది.

ఒకటి అడుగుతాను. ఆ టెస్ట్ ఎలా చేస్తున్నారు? ప్యానెల్ మీద పచ్చ బటన్ నొక్కి పంప్ తిరిగింది, పాస్ అంటున్నారా? అలా అయితే మోటార్ తిరుగుతుందని మాత్రమే తెలిసింది. ప్రెషర్ స్విచ్ లైన్ ఐసోలేట్ చేసి, నిదానంగా ప్రెషర్ వదిలి, ఏ విలువ దగ్గర పంప్ ఎత్తుకుందో రాయించు. సెలెక్టర్ స్విచ్ ‘ఆటో’లో ఉందో లేదో టెస్ట్ అయ్యాక ఇంకోసారి చూడు. టెస్ట్ కోసం ‘మాన్యువల్’కి తిప్పి అలాగే వదిలేసి వెళ్లడం మామూలు. చెక్‌లిస్ట్‌లో ఆఖరి గడి దానికే కేటాయించు, పక్కన సంతకం ఆపరేటర్‌ది ఉండాలి, నీది కాదు.