మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ టికెట్ డబ్బుతో నడవదా? బడ్జెట్ ఎలా వేస్తారు?

సాధారణంగా నడవదు. మున్సిపల్ లెక్కల్లో పూల్ కట్టడం మూలధన వ్యయం (ఆస్తి సమకూర్చుకోవడానికి ఒకసారి పెట్టే ఖర్చు), నడపడం రెవెన్యూ వ్యయం (రోజువారీ నిర్వహణ ఖర్చు). కట్టడానికి ఏదో ఒక గ్రాంటు దొరకవచ్చు. నడపడానికి మాత్రం ఏటా ఏప్రిల్ నుంచి మొదలయ్యే బడ్జెట్‌లో మళ్లీ డబ్బు చూపించాలి.

ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతు ఉన్న పూల్‌లో దాదాపు 4.7 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. అవన్నీ కొన్ని గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరగాలి. కాబట్టి జనం వచ్చినా రాకపోయినా మోటార్ల కరెంటు బిల్లు తప్పదు. లైఫ్‌గార్డుల, కోచ్‌ల జీతాలూ అంతే. రద్దీ, ఆదాయం మాత్రం ఎక్కువగా వేసవి సెలవుల్లోనే. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ శిక్షణ శిబిరాలు పెట్టేదీ అప్పుడే.

ఫీజు బాగా పెంచితే ప్రైవేటు క్లబ్బుకు వెళ్లలేని పిల్లలే ముందు మానేస్తారు. అందుకే ఆస్తి పన్ను లాంటి సాధారణ నిధులతో లోటు పూడ్చడం న్యాయమే అంటాను. లైఫ్‌గార్డుల దగ్గర మాత్రం పొదుపు అస్సలు చేయకూడదు. మరమ్మతులకు ఏటా కొంత విడిగా తీసిపెట్టాలి. లేదంటే ఒక్క పంపు పాడైనా టెండరు పూర్తయ్యేసరికి సీజన్ అయిపోతుంది.